సాంచెల చప్పుడులో ఎవరో పిలిచినట్టు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడం, ఏ పుస్తకాలు చదవమంటారు?" అని అడుగుతారు. పుస్తకాల సంగతి మీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు. నేను చెప్పగలిగింది వేరే. మానసిక ఆరోగ్య విభాగంలో సోషల్ వర్కర్‌గా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తిరిగి తిరిగి ఈమధ్యనే రిటైరయ్యాను. కాగితం మీద నా హోదా ఏదైనా, నేను చేసిన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. డాక్టర్ మాట ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం, ఇంటివాళ్ళ మాట డాక్టర్‌కు అర్థమయ్యేలా చెప్పడం. తెలుగువాళ్ళకు తెలుగులో చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువులు నవ్వేవారు. ఉద్యోగమే. చాలా కష్టమైన ఉద్యోగం.

ప్రమోషన్లు, మీటింగులు, రిపోర్టులు వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరికీ జబ్బు తగ్గలేదు. మనుషుల పేర్లు మార్చాను. ఒక ఊరి పేరు అసలే రాయను.

నస్పూర్‌లో కుంగుబాటు

నేను ఎక్కువకాలం పనిచేసింది డాక్టర్ వేణుగోపాల్ గారి దగ్గర. మంచి వైద్యుడు. రోగి చెప్పేది పూర్తయ్యేదాకా కలం ముట్టుకునేవారు కాదు. కానీ తెలుగు రాయాల్సి వస్తే నిఘంటువు తెరిచేవారు. డిప్రెషన్‌కు 'కుంగుబాటు' అన్న మాట ఆయనకు తెగ నచ్చింది. నస్పూర్‌లో శిబిరం పెట్టినప్పుడు ఆ మాటతోనే గోడలకు పోస్టర్లు వేయించారు: "కుంగుబాటును మౌనంగా భరించకండి. పరిష్కారం ఉంది. శిబిరానికి రండి."

శిబిరం రోజు పొద్దున్నే జనం బారులు తీరారు. మనసు బాగా లేదని చెప్పుకోవడానికి అంతమంది రావడం మేమెప్పుడూ చూడలేదు. డాక్టర్ గారి ముఖం వెలిగిపోయింది.

మొదట కూర్చున్న పెద్దాయన బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. జేబులోంచి ఫోన్ తీసి ఫొటో చూపించాడు. గోడ. పైనుంచి కిందిదాకా పగులు.

"గిది ముందటి అర్ర మేడం. ఎన్కది ఇంకా ఘోరం. కింద బొగ్గు తీసినంక భూమి కుంగుతుంది. ఎవలకు చెప్పినా వింటలేరు. మీరే రాసిండ్రు గద, భరించకుండ్రి, రాండ్రి అని."

బారులో ఉన్నవాళ్ళంతా ఇండ్ల పగుళ్ళ గురించి వచ్చినవాళ్ళే. బొగ్గు పొరల మీద బతికే ఊరిలో కుంగడమంటే నేల కుంగడమే. వాళ్ళ తప్పు ఏముంది? డాక్టర్ గారు లేచి నిలబడి, ఇది ఇండ్ల సంగతి కాదనీ, కొందరికి తిండి సయించదు, నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, అలాంటివాళ్ళ కోసం వచ్చామనీ నెమ్మదిగా చెప్పారు. జనం గొణుక్కుంటూ కదిలిపోయారు. ఒకామె మాత్రం అక్కడే నిలబడింది.

"నేను గూడ ఇంటి సంగతే అనుకొని వచ్చిన సారూ. మీరు చెప్తుంటే ఇన్న. ఇల్లు పగిలితే పగిలింది. ఇంట్ల మనిషే గట్లయిండు. పని బందయినకాన్నుంచి గోడ దిక్కు మొకం పెట్టి పంటడు. తినుమంటే తింటడు, లెవ్వుమంటే లేస్తడు. మాట లేదు."

ఆమె భర్తకు తర్వాత వైద్యం జరిగింది, మనిషి తేరుకున్నాడు. అయితే ఆమెను మా దగ్గర ఆపింది పోస్టర్ మీది పేరు కాదు. డాక్టర్ గారు నోటితో చెప్పిన ఆ నాలుగు ముక్కలు. అంటే, ఆ జబ్బు ఇంట్లో ఎలా కనబడుతుందో ఆ తీరు. పేరు తర్వాత చెప్పొచ్చు. ముందు తీరు చెప్పండి.

రంది

ఆ తర్వాత నేను ఊరూరా మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను. మనసు బాగా లేదని మన దగ్గర ఎవరూ అనరు. పాణం మంచిగ లేదంటారు. గుండెల దడ అంటారు. పాణం గుంజినట్టయితుంది అంటారు. అన్నిటికన్నా ఎక్కువగా వినబడే మాట రంది. దిగులు, బెంగ, ఆలోచన అన్నీ కలిసిన మాట అది. ఇక నాకు మంత్రం దొరికిందనుకున్నాను. బోథ్‌లో ఒక రైతు ఇల్లాలు ఆ ధీమాను సరిచేసింది.

ఆమె చాలా చిక్కిపోయి ఉంది. చేనుకు పోవడం మానేసిందని అత్తగారు తీసుకొచ్చింది. "ఏమన్న రంది ఉన్నదా?" అని అడిగాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వైపు ఆడవాళ్ళను గౌరవంగా బాయి అని పిలుస్తారు.

"రంది అంటే ఏదో ఒకటి ఉండాలె గద బాయీ. నాకేం లేదు. పత్తి మంచిగనే వచ్చింది. పిల్లలు మంచిగనే ఉన్నరు. మా ఆయన ఒక్క మాట అనడు. అయినా పొద్దున లేవబుద్ధి కాదు. ఏం రంది నీకు అని అందరడుగుతరు. ఏం చెప్పాలె? సిగ్గయితుంది."

కారణం లేకుండా బాధపడుతున్నందుకు ఆమె సిగ్గుపడుతోంది. రంది అనే మాటలోనే 'దేని గురించి' అనే ప్రశ్న ఉంది. నేను ఆదుకుంటుందనుకున్న మాటే ఆమెను నిలదీస్తోంది. అప్పుడు మాట మార్చాను. "రంది ఒకదానికోసం వస్తది, అది తీరినంక పోతది. కొందరికి ఏం లేకున్నా వస్తది. కీళ్ళనొప్పి ఊకెనే రాదా, గట్లనే. నువ్వు తెచ్చుకున్నది కాదు" అన్నాను. ఆమె అత్తగారి వైపు తిరిగి, "ఇన్నవా?" అంది. ఆ మాట తన కోసం కాదు, అత్తగారు వినాలని ఆమె కోరుకుంది.

జనం వాడే మాట వాడటం మంచిదే. కానీ ఆ మాట వెనక ఇంకేం వస్తుందో చూసుకోవాలి.

ఎల్లవ్వ గొంతు

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది.

సిరిసిల్ల వైపు ఒక ఊరు. కరెంటుతో నడిచే మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఇంటి పక్కన సాంచెల షెడ్డు, షెడ్డు పక్కన ఇల్లు. మోత ఆగదు కాబట్టి మనుషులు మామూలు మాట కూడా గట్టిగానే మాట్లాడతారు. అక్కడ రాజేశం, అతని భార్య సత్తవ్వ, కొడుకు శీను ఉండేవారు. తండ్రీకొడుకులు సాంచెలు నడిపితే సత్తవ్వ నూలు కండెలు చుట్టేది. గోడ అవతల ఎల్లవ్వ అనే ముసలామె. భర్త పోయాడు, పిల్లలు లేరు. బీడీలు చేసుకుని బతికేది. నోరున్న మనిషి. మోరిలో మురికినీళ్ళు ఎటు పారాలన్న దాని మీద ఆమెకూ సత్తవ్వకూ ఏళ్ళ తరబడి తగువు.

శీనుకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో మొదలైంది. ముందు నిద్ర పోయింది. తర్వాత దోస్తులను వదిలేశాడు. నడుస్తున్న సాంచెను ఆపి, గోడకు చెవి ఆనించి నిలబడేవాడు. ఒకరోజు తల్లితో చెప్పాడు.

"అవ్వా, ఎల్లవ్వ పెద్దవ్వ నన్ను తిడుతున్నదే. బయట గాదు, నా చెవులల్లనే. నేను ఏం జేస్తుంటే గది చెప్తుంది. సావుమంటుంది."

ఇంటివాళ్ళు శీనును ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. ఆయన నిమ్మకాయ కోసి చూసి, ఇది బాణామతి, ఎవరో చేతబడి చేశారు అన్నాడు. ఎవరు చేశారో చెప్పనక్కరలేకపోయింది, శీను నోటి నుంచే పేరు వచ్చింది కదా. అంతే, ఊళ్ళో ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా, ఎవరి బర్రె పాలివ్వకపోయినా ఎల్లవ్వ గడప వైపే చూశారు. ఆదివారం కులసంఘం కూర్చుంటుందన్నారు. మంత్రం చేసేవాళ్ళ పండ్లు పీకితే మంత్రం నోట పలకదని ఒక నమ్మకం ఉంది. ఆ ఊరి ఆశ కార్యకర్త నాకు ఫోన్ చేసింది.

"మేడం, ముసలమ్మ పండ్లు పీకుతమంటున్నరు. నాకు భయమైతుంది. జల్ది రాండ్రి."

ముందు పోలీసులకు చెప్పాను. ఈ విషయంలో మొహమాటపడొద్దు, వాళ్ళకే ముందు చెప్పాలి. ఎస్సై వచ్చి, ఎవరైనా చెయ్యి చేసుకుంటే లోపలేస్తానని గట్టిగా చెప్పి పోయాడు. మంచి పని చేశాడు. కానీ లాఠీ చేతిని ఆపుతుంది, అనుమానాన్ని ఆపలేదు. అనుమానాన్ని ఆపడం మా పని.

కల పనికిరాలేదు

డాక్టర్ గారూ నేనూ రాజేశం ఇంటికి వెళ్ళాం. శీను లోపలి గదిలో మంచం మీద ముడుచుకుని కూర్చున్నాడు, చెవుల్లో దూది. డాక్టర్ గారు అతనితో చాలాసేపు మాట్లాడి బయటికి వచ్చారు.

"మెదడులో కొన్ని రసాయనాలు ఉంటాయి. వాటి సమతుల్యత దెబ్బతిన్నప్పుడు లేని మాటలు ఉన్నట్టు వినబడతాయి. దాన్ని భ్రాంతి అంటాం," అన్నారు.

రాజేశం తలెత్తి చూశాడు. "అంటే మావోనికి పిచ్చి అంటున్నరా సారూ?"

"పిచ్చి అనకూడదు. అది ఒక జబ్బు."

"జబ్బయితే మరి గా ముసలమ్మ గొంతే ఎందుకు వినబడుతుంది? ఊర్ల ఇంతమంది ఉన్నరు. ఆమెదే ఎందుకు?"

దీనికి ఏ పోస్టర్ మీదా జవాబు లేదు. కానీ అసలు ప్రశ్న అదే. అది తేలకపోతే మిగతాదంతా గాలికి పోతుంది. నేను కల్పించుకున్నాను.

"రాజేశమన్నా, కలల ఎవలొస్తరు? ఎర్కున్నోళ్ళే వస్తరు గద. మీ బాపు కలల వచ్చి మాట్లాడిండనుకో, నిజంగ వచ్చినట్టా?"

"నిజంగనే వచ్చినట్టు" అన్నాడు రాజేశం, ఏమాత్రం తడుముకోకుండా. "మా బాపు ఊకె రాడు. వచ్చిండంటే ఏదో పని మీదనే వస్తడు."

చనిపోయిన తండ్రి నిజంగానే వస్తాడని నమ్మే మనిషి దగ్గర కలను పక్కన పెట్టాల్సి వచ్చింది. ఏ పోలికైనా వినేవాళ్ళ నమ్మకాల మీదుగా నడవాలి. మనకు గట్టిగా కనబడే చోట వాళ్ళకు గొయ్యి ఉండొచ్చు.

సత్తవ్వ అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. పక్క షెడ్డులో సాంచెలు నడుస్తున్నాయి, ఒకరి మాట ఒకరికి సరిగా వినబడటం లేదు. ఆమె ఒక్కసారి లోపలికి తిరిగి, "ఆఁ?" అని అరిచింది. ఎవరూ పిలవలేదు.

"ఎవలన్న పిలిసిండ్రా అక్కా?" అని అడిగాను.

"లేదు మేడం. గీ మోతల ఊకె ఎవలో పిలిసినట్టయితది. మా ఆయన పిలిసిండనుకొని పోతే ఆయన పిలువనే పిలువడు. ఇంటికి వచ్చి పన్నా చెవులల్ల మోత పోదు."

"నీకు ఎవల గొంతు వినబడుతది?"

"ఎక్కువ ఈయనదే. 'సత్తవ్వా' అన్నట్టు."

"మరి రాజేశమన్న నీకు మంత్రం జేసిండా?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. నా వైపు చూసింది, తర్వాత భర్త వైపు. "ఆయనకు అన్నం పెట్టుకునుడే రాదు, మంత్రమేం జేస్తడు" అంది నెమ్మదిగా.

"ఆయన పిలువలేదు. నీ మెదడే మోతల నుంచి ఆయన గొంతు తీసింది. నీకు దగ్గరి మనిషి కాబట్టి. శీను గోడ అవుతల చిన్నప్పటినుంచి ఎల్లవ్వ గొంతు ఇన్నడు. తిట్టు అంటే ఆమె గొంతే గుర్తుకొస్తది వానికి. నీకు బయటికి రాంగనే అది ఉత్తదని సోయి వస్తది. వానికి ఆ సోయి వస్తలేదు. జబ్బు గదే."

డాక్టర్ గారు తిరుగుదారిలో నాతో, "పూర్తిగా సరైన పోలిక కాదు. ఈమెకు వినబడేదీ అతనికి వినబడేదీ ఒకటి కాదు" అన్నారు. నిజమే. అందుకే చివరి మాట చెప్పాను: నీకు సోయి వస్తుంది, అది ఉత్తదని తెలుస్తుంది, అతనికి తెలియడం లేదు. పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెబితేనే పోలిక నిజమవుతుంది.

పిచ్చి కన్నా మంత్రం నయం

సత్తవ్వకు అర్థమైంది. రాజేశానికి కూడా అర్థమైంది, ఆ సంగతి నేను అతని ముఖంలో చూశాను. అయినా దవాఖానకు రమ్మంటే కదలలేదు. మర్నాడు నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళి, సాంచె పక్కన అతన్ని ఎందుకు రానంటున్నావని అడిగాను. పోగు అతుకుతూనే చెప్పాడు.

"మేడం, మంత్రం అనుకో, మావోడు మంచోడు, ఎవలో జేసిండ్రు అంటరు. పాపం అంటరు. రేపు తగ్గితే పిల్లనిస్తరు. జబ్బు అనుకో, పిచ్చోడు అంటరు. వాని పెండ్లి పాయె, వాని చెల్లె వరుస పిల్లల పెండ్లిళ్ళు పాయె. మీరు చెప్పింది నిజమే కావచ్చు. గా నిజంతోని నేనేం జేసుకోవాలె?"

ఇన్నేళ్ళ నౌకరీలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన మాట ఇదే. జనానికి తెలియక మంత్రాలు నమ్ముతారని మనం అనుకుంటాం, అవగాహన అవగాహన అంటాం. చాలామందికి తెలుసు. మంత్రం అన్న మాట వాళ్ళ బిడ్డను సిగ్గు నుంచి కాపాడుతుంది కాబట్టి దాన్ని పట్టుకుంటారు. మనం తీసుకెళ్ళే మాట అంతకన్నా ఎక్కువ సిగ్గు తెచ్చేదైతే, అది ఎంత శాస్త్రీయమైనా ఎవరూ తీసుకోరు. అతని మీద నాకు కోపం రాలేదు. అతని చోట ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

అయినా గోడ అవతల ఒక మనిషి ఉంది.

"అన్నా, ఒక్కటి చెప్పు" అన్నాను. "ఆదివారం ఎల్లవ్వ పండ్లు పీకిండ్రనుకో. సోమవారం శీనుకు గా మాటలు మళ్ళ వినబడితే అప్పుడు ఎవల పండ్లు పీకుతరు?"

రాజేశం సాంచె ఆపేశాడు.

వెళ్ళేముందు ఎల్లవ్వను చూద్దామని ఆమె తలుపు తట్టాను. లోపలినుంచి గడియ తీసిన చప్పుడు కూడా రాలేదు. "నేను దవాఖాన మనిషిని అవ్వా" అంటే తలుపు సందులోంచి మాట్లాడింది.

"మోరి కాడ తిట్టిన బిడ్డా. తిట్టలేదని అంటలేను. నాకు మంత్రమే వస్తే నేను గీ బీడీలు జేసుకుంట ఎందుకుందును?"

సంఘం కూర్చున్న రోజు

ఆదివారం సంఘం భవనంలో మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక. ఎల్లవ్వను ఒక మూలన ఒంటరిగా కూర్చోబెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. గేటు దగ్గర ఒక పోలీసు. కులపెద్ద నర్సయ్య అనే పెద్దమనిషి. డాక్టర్ గారు నన్నే మాట్లాడమన్నారు.

నేను జబ్బు పేరు ఎత్తలేదు. "సాంచెల కాడ పనిచేసేటోళ్ళు చెప్పండ్రి. మోతల ఎవలన్న పిలిసినట్టు ఎప్పుడన్న అయిందా?" అని అడిగాను.

ముందు ఒక ముసలాయన, "నాకైతే సచ్చిపోయిన మా అన్న పిలిసినట్టయితది" అన్నాడు. వెనకనుంచి ఇంకొకతను, "నాకు ఫోన్ మోగినట్టయితది, తీసి చూస్తే ఉండదు" అన్నాడు. అక్కడక్కడా నవ్వులు వినబడ్డాయి. సత్తవ్వ ఇంట్లో చెప్పిందే మళ్ళీ చెప్పాను. మీకు బయటికి రాగానే పోతుంది, శీనుకు పోవడం లేదు, దానికి మందు ఉంది.

నర్సయ్య తల ఊపాడు. "సరే మేడం. దవాఖానకు పోనీ. మేము అడ్డం వస్తలేము. కని ముసలమ్మతోని మంత్రం ఇప్పిచ్చుడు గూడ చేద్దాం. రెండు దిక్కులా మంచిదే గద."

చాలామంది అవునన్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. శీనుకు వైద్యం అందుతుంది, ఎల్లవ్వ మీద చెయ్యి పడదు. ఇంకేం కావాలి? కానీ డాక్టర్ గారు లేచారు. అంత సూటిగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"విప్పించాలంటే ఆమె కట్టిందని ఒప్పుకున్నట్టే. రేపు ఇంకొక పిల్లకు జ్వరం వస్తే మళ్ళీ ఆమె గడపకే వస్తారు. ఈమె ఏమీ చేయలేదు. ఇందులో సగం ఒప్పుకోవడానికి లేదు."

ఆయనకు వాడుక భాష రాదని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ రోజు మాత్రం ఆయన ఆడిన మాటే సరైన మాట. తేలిగ్గా చెప్పాలన్న తొందరలో నిజాన్ని ఇచ్చేయకూడదు.

అందరూ రాజేశం వైపు చూశారు. అతను తల దించుకుని చాప అంచు పీకుతున్నాడు. అప్పుడు వెనకనుంచి సత్తవ్వ లేచింది. ఆ సంఘంలో ఆడవాళ్ళు లేచి మాట్లాడటం అలవాటు లేదు.

"మోరి పంచాయితి మోరి పంచాయితే. గది నేను ఇడువ," అంది. "కని గిది యేరు. నా కొడుక్కు పాణం మంచిగ లేదు. తల్లిని, నేను చెప్తున్న. రేపు దవాఖానకు తోల్కపోతున్న. ఎల్లవ్వది ఏం లేదు. ఎవలన్న ఆమె మీద చెయ్యేస్తే నా కొడుకు పేరు చెప్పి ఎయ్యకుండ్రి."

ఆమె కూర్చోలేదు, బయటికి నడిచింది. రాజేశం లేచి ఆమె వెంట పోయాడు. నర్సయ్య ఇక చేసేదేం లేక, "అయితే గంతే" అన్నాడు. ఎల్లవ్వకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆమె మూలనుంచి లేచి, గోడ పట్టుకుని నెమ్మదిగా ఇంటికి పోయింది.

గోలీల సంగతి సగం చెప్పొద్దు

దవాఖానలో మందులు మొదలయ్యాక శీను నిద్రపోయాడు. కొన్ని వారాలకు చెవుల్లో వినబడే మాటలు పలచబడ్డాయి. మేమంతా సంతోషించాం. అంతలో మందులు మానేశాడు. మళ్ళీ చెవుల్లో దూది పెట్టుకున్నాడని సత్తవ్వ ఫోన్ చేసింది.

ఎందుకు మానేశావని అడిగితే చేతులు చాపి చూపించాడు. "చేతులు వణుకుతున్నయి మేడం. పోగు ముడి పడుతలేదు. మా బాపు ఏమంటలేడు, కని నా సాంచె గూడ ఆయనే నడుపుతుండు. నేను తిని పన్నట్టయితుంది. గోలీలతోని నాకు మాటలు పోయినయి, పని గూడ పోయింది."

చేతులు వణకొచ్చని, వణికితే చెప్పమని, దానికీ ఉపాయం ఉందని మేము ముందే చెప్పి ఉంటే అతను మాకు ఫోన్ చేసేవాడు. భయపడి మానేస్తారేమోనని చాలామంది డాక్టర్లు ఆ భాగం దాటవేస్తారు. చెప్పకపోతేనే మానేస్తారు. మందు మేలు ఎంత గట్టిగా చెబుతామో ఇబ్బందీ అంత గట్టిగా చెప్పాలి. డాక్టర్ గారు మందు మార్చి, మోతాదు తగ్గించి, ప్రతిసారీ ముందు చేతులు చాపమని చూసేవారు. మెల్లగా వణుకు తగ్గింది. శీను సాంచె దగ్గరికి పోయాడు, మొదట ఒక పూట, తర్వాత రెండు పూటలు.

సంబంధం ఒకటి వచ్చి తప్పిపోయింది. రాజేశం భయపడ్డది ఉత్తది కాదు. ఆ సంగతి దాచి, అంతా సుఖాంతమని రాయను.

గోడ అవతల

శీను కోలుకున్నా ఎల్లవ్వ ఇంటి ముందునుంచి నడిచేవాడు కాదు, చుట్టు తిరిగి పోయేవాడు. ఆమె కూడా అతను కనబడితే తలుపేసుకునేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు అతనే అడిగాడు, "మేడం, మీరు జర నా ఎంట వస్తరా?" అని.

ఎల్లవ్వ గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. శీను వాకిట్లో నిలబడ్డాడు.

"పెద్దవ్వా, నావల్ల నిన్ను గంత పరేషాన్ చేసిండ్రు."

ఆమె చేయి ఆగలేదు.

"ఇంకా అప్పుడప్పుడు వినబడుతది" అన్నాడు. "నీ గొంతే. కని గది నువ్వు కాదని నాకెర్కే."

కత్తెర ఆగింది. ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

"గిప్పుడు గూడ తిడుతుందా?"

"తిడుతది."

"ఈసారి వినబడితే నా ఇంటికి రా," అంది ఎల్లవ్వ. "నీ ముందల కూసుంట. నోరు మూసుకొని కూసుంట. నా పెదిమలు కదులుతున్నయా లేవా, నువ్వే సూసుకో కొడుకా."

రిటైరయ్యే ముందు ఆ ఊరికి చివరిసారి వెళ్ళాను. శీను ఏడని అడిగితే సత్తవ్వ కండె చుడుతూనే గోడ వైపు గడ్డం చూపించింది. వెళ్ళి చూశాను. ఎల్లవ్వ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎదురుగా శీను మోకాళ్ళు ముడుచుకుని, ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ వాడలోకెల్లా నోరున్న ముసలామె పెదవులు రెండూ లోపలికి బిగించుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీస్తోంది. కాసేపటికి శీను భుజాలు సడలాయి. "పోయింది పెద్దవ్వా" అని లేచి, నాకు దండం పెట్టి, షెడ్డు వైపు నడిచాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆమె అలాగే కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, అంతసేపూ ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారిగా అందుకుంది.